చెరకు మిల్లు నుంచి సీఎన్‌సీ దాకా: ఇందూరు సీమలో తీగల పని

ఇంటి షెడ్డులో కట్టుకునే సీఎన్‌సీ యంత్రంలో, అంటే కంప్యూటర్ ఇచ్చే అంకెల ఆజ్ఞలతో నడిచే యంత్రంలో, పైకి కనిపించేవి ఇనుప చట్రం, పట్టాలు, మరలు తిరిగిన రాడ్లు. దాన్ని నడిపేది మాత్రం పక్కన గోడకు బిగించిన రేకు పెట్టె. అందులో ఒక పవర్ సప్లై, మూడు నాలుగు డ్రైవర్లు, అరచేతిలో పట్టే కంట్రోల్ బోర్డు, వాటి మధ్య పదుల కొద్దీ తీగల కొసలు ఉంటాయి. మోటారు ఎప్పుడు తిరగాలి, ఎంత తిరగాలి, ఎక్కడ ఆగాలి? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు ఆ తీగల్లోనే ఉంటుంది. ఒకప్పటి ఇందూరు అయిన నిజామాబాద్ పట్టణానికి, బోధన్ చెరకు సీమకు ఈ ప్రశ్నలు కొత్తవి కావు. చెరకు మిల్లు వచ్చిన నాటి నుంచి ఇక్కడి ఎలక్ట్రీషియన్లు, వైండింగ్ మేస్త్రీలు, రేడియో మెకానిక్‌లు వాటితోనే అన్నం తిన్నారు. అందుకే ఇక్కడ తీగల పని చరిత్ర కంప్యూటర్‌తో మొదలు కాదు, నీళ్లతో మొదలవుతుంది.

మంజీర నది మీద అచ్చంపేట దగ్గర నిజాంసాగర్ ఆనకట్ట పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. దాని వెనక ఉన్న ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. కాల్వ కింద రెండు లక్షల ఎకరాలకు పైగా భూమి తడవడంతో బోధన్, వర్ని, కోటగిరి, ఎడపల్లి, రుద్రూరుల చుట్టూ వరి, చెరకు పరుచుకున్నాయి. కోస్తా జిల్లాల నుంచి రైతులు తరలివచ్చి భూములు కొని క్యాంపులు కట్టుకున్నారు. చాలా ఊళ్ల పేర్ల చివర ఆ ‘క్యాంపు’ ఇప్పటికీ ఉంది. రుద్రూరులో చెరకు పరిశోధన కేంద్రం వెలిసింది. చెరకు కోసిన గంట నుంచే తీపి తగ్గడం మొదలవుతుంది కాబట్టి గానుగ దూరంగా ఉంటే రైతుకు నష్టం. మిల్లు పొలాల మధ్యే ఉండాలి. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడి, బోధన్‌ను ఆనుకుని కర్మాగారం లేచింది. దాని చుట్టూ పెరిగిన కాలనీ శక్కర్‌నగర్ అయింది. వేల ఎకరాల సొంత చెరకు క్షేత్రాలతో ఒకప్పుడు ఆసియాలోనే అతిపెద్ద చక్కెర కర్మాగారంగా దానికి పేరుండేది.

చక్కెర ఫ్యాక్టరీ అంటే చక్కెర చేసే చోటే కాదు, కరెంటు పుట్టే చోటు కూడా. రసం పిండాక మిగిలిన పిప్పి బాయిలర్‌లోకి వెళ్తుంది, ఆవిరి పుడుతుంది. ఆ ఆవిరి టర్బైన్‌ను తిప్పి కరెంటు ఇస్తుంది, బయటికి వచ్చాక వేడి తగ్గకముందే రసాన్ని మరిగించే పాత్రల కిందికి వెళ్తుంది. బయటి నుంచి తీగ రాకపోయినా మిల్లు తన కరెంటు తానే పుట్టించుకోగలదు. చుట్టుపక్కల పల్లెల్లో కందిళ్లు వెలుగుతున్న రోజుల్లో ఈ సీమలో స్విచ్‌బోర్డు, ఫ్యూజు, కాయిల్, ఎర్తింగ్ అన్న మాటలు మొదట వినిపించింది ఆ ప్రహరీ లోపలే. పవర్ హౌస్‌లో మీటర్ల ముందు కూర్చున్నవారు, పంపుల దగ్గర గ్రీజు పెట్టినవారు, కేబుళ్లు లాగినవారు ఈ ప్రాంతపు తొలి తరం విద్యుత్ కార్మికులు.

మిల్లుకు ఒక లయ ఉండేది. నవంబరు ప్రాంతంలో గానుగ మొదలైతే మార్చి, ఏప్రిల్ దాకా రాత్రింబవళ్లు ఆడేది. ఆ నెలల్లో ఏ మోటారూ ఆగడానికి వీల్లేదు. ఒక్క కన్వేయర్ నిలిస్తే వెనక చెరకు బండ్ల వరస పెరిగిపోయేది. ఎండలు ముదిరాక గానుగ ఆగేది, విప్పుడు పని మొదలయ్యేది. మోటార్లు దించి తుడిచి, బేరింగులు మార్చి, కాంటాక్టుల మీది నల్లటి మసిని ఎమరీ కాగితంతో గీకి, కాయిళ్ల ఇన్సులేషన్‌ను మెగ్గర్‌తో కొలిచి మళ్లీ బిగించేవారు. నిజానికి ఈ సీమకు పెద్ద బడి ఆ ఆఫ్ సీజనే. నడిచే యంత్రం దగ్గర నేర్చుకునేది తక్కువ, విప్పిన యంత్రం దగ్గర నేర్చుకునేది ఎక్కువ. సీజన్ కూలీగా చేరిన కుర్రాడు రెండు మూడు వేసవులు హెల్పర్‌గా నిలబడితే చాలు, ఏ తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో కళ్లు మూసుకుని చెప్పగలిగేవాడు.

చక్కెర మిల్లుల్లో ఒక యంత్రాన్ని ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పాన్‌లో ఉడికిన ముద్దలో చక్కెర పలుకులు, మొలాసిస్ కలిసి ఉంటాయి. వాటిని విడదీసేది సెంట్రిఫ్యూగల్. చిల్లుల బుట్టలో ముద్ద నింపి నిమిషానికి వెయ్యి చుట్లకు పైగా తిప్పితే మొలాసిస్ జాలీలోంచి బయటికి చిమ్ముతుంది, పలుకులు గోడకు అంటుకుంటాయి. కాసేపు వేడినీళ్ల జల్లు, ఆపైన బ్రేకు, వేగం తగ్గాక గోడకు అంటిన చక్కెరను గీకే నాగలి, మళ్లీ ముద్ద. మొదట్లో ఈ వరసంతా మనిషి చేతి మీదే నడిచేది. తర్వాతి కాలపు యంత్రాల్లో దాన్ని టైమర్లు, రిలేలు, లిమిట్ స్విచ్‌లు తీసుకున్నాయి: ఇన్ని సెకన్లు తిరుగు, ఇన్ని సెకన్లు కడుగు, వేగం పడిపోయేదాకా నాగలి దింపకు. ఆ చివరి షరతును ఎలక్ట్రీషియన్లు ఇంటర్‌లాక్ అంటారు. ఒక పని పూర్తయిందని తీగ సాక్ష్యం చెబితేనే రెండో పని మొదలవ్వాలి. అంకెల టేపు లేదు, కంప్యూటర్ లేదు, అయినా యంత్రానికి ఒక కార్యక్రమం రాసిపెట్టి నడిపించడమే ఇది. ఈనాటి సీఎన్‌సీ పెట్టె తెరిస్తే అదే ఆలోచన చిన్న రూపంలో కనిపిస్తుంది.

మిల్లు ప్రహరీ దాటి కరెంటు పొలాల్లోకి రావడం తర్వాతి ఘట్టం. 1950ల్లో నిజాంసాగర్ దగ్గర జలవిద్యుత్ కేంద్రం పని ప్రారంభించింది. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు ఏర్పడింది. ఆపై స్తంభాలు పల్లెలకు నడిచాయి. కాల్వ నీరు అందని మెట్ట మీద బావులకు, తర్వాత బోర్లకు మోటార్లు బిగించారు. నిజామాబాద్, ఆర్మూరు, కామారెడ్డి వైపు పసుపు, మక్క, వరి, చెరకు ఆ మోటార్ల మీద నిలిచాయి. మోటారు వచ్చిందంటే వెంట మోటారు కాలడం కూడా వచ్చినట్టే. లైన్ చివర ఉన్న ఊళ్లకు వోల్టేజీ తక్కువ. వోల్టేజీ తగ్గితే అదే బరువు మోయడానికి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, కాయిల్ వేడెక్కుతుంది, తీగల మీది ఎనామిల్ పూత మాడుతుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా అంతే. మిగిలిన రెండూ భారం మోస్తూ కాలిపోతాయి. చేను ఎండే వేళ మోటారు కాలితే రైతుకు ఒక్కో గంటా లెక్కే. అందుకే బస్టాండు పక్కన, మార్కెట్ యార్డు దారిలో, ప్రతి మండల కేంద్రంలో వైండింగ్ షాపులు పుట్టాయి.

ఆ షాపులో జరిగే పని దగ్గరగా చూడదగింది. కాలిన మోటారు రాగానే మేస్త్రీ మూత విప్పి ముందు వాసన చూస్తాడు. మాడిన వార్నిష్ వాసన దాచలేనిది. కాయిళ్లు నల్లబడిన తీరు చూసి ఫేజు పోయి కాలిందా, బరువెక్కి కాలిందా అని తేలుస్తాడు. మూడింట రెండు వంతుల కాయిళ్లు నల్లబడి మిగతావి తెల్లగా ఉంటే ఫేజు పోయినట్టు, అన్నీ సమంగా మాడితే ఓవర్‌లోడ్. ఆ తర్వాత పాత కాయిల్ ఒకటి జాగ్రత్తగా తీసి చుట్లు లెక్కపెట్టాలి, తీగ మందం గేజితో కొలవాలి, ఏ గాడి నుంచి ఏ గాడికి పోయిందో రాసుకోవాలి. ఒక్క చుట్టు లెక్క తప్పినా కొత్త వైండింగ్ వేడెక్కుతుంది. గాడుల్లో ఇన్సులేషన్ కాగితం వేసి, చెక్క ఫర్మా మీద చుట్టిన రాగి కాయిళ్లను వెదురు పుల్లతో నెమ్మదిగా లోపలికి జార్చి, కొసలను స్లీవుల్లో దూర్చి కలిపి, నూలు తాడుతో కట్టి, వార్నిష్ పోసి వేడిలో ఆరబెడతారు. బోరులో దిగే సబ్‌మెర్సిబుల్ మోటారు అయితే తీగకే ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, ఎందుకంటే అది నీళ్లలో మునిగే తిరగాలి. చివరగా సీరీస్ బల్బు పరీక్ష: ఒక బల్బు గుండా కరెంటు పంపి కాయిల్ కొసలకు ఆనిస్తే వెలగాలి, బాడీకి ఆనిస్తే వెలగకూడదు. పుస్తకం చదవకుండానే ఇన్సులేషన్, కంటిన్యుయిటీ అన్న రెండు పాఠాలూ ఒక్క బల్బు చెప్పేస్తుంది.

పొలంలో మోటారు పక్కన మరో పెట్టె ఉండేది, అది స్టార్టర్. పచ్చ బటన్ నొక్కితే కాంటాక్టర్ కాయిల్‌కు కరెంటు అంది పట్టుకుంటుంది, మోటారు తిరుగుతుంది. ఎర్ర బటన్ నొక్కితే వదిలేస్తుంది. ఇక్కడ ఒక చిన్న మర్మం ఉంది, దాని విలువ పెద్దది. పచ్చ బటన్ మామూలుగా తెరిచి ఉంటుంది, ఎర్ర బటన్ మామూలుగా మూసి ఉంటుంది. ఆపే తీగలో ఎప్పుడూ కరెంటు పారుతూనే ఉండాలి. ఎలుక కొరికి ఆ తీగ తెగినా, స్క్రూ వదులై ఊడినా మోటారు దానంతటదే ఆగిపోతుంది. చెడిపోతే ఆగాలి తప్ప నడవకూడదన్న ఈ నియమం ఈ సీమ చేతులకు స్టార్టర్ నేర్పింది. పెద్ద మోటార్లకు స్టార్-డెల్టా స్టార్టర్ ఇంకో నియమం నేర్పింది: రెండు కాంటాక్టర్లు ఒకేసారి పట్టకూడదు, పడితే షార్టే.

కరెంటు వేళాపాళా లేకుండా వచ్చిన ఏళ్లలో రైతులు ఆటో స్టార్టర్ పెట్టుకున్నారు. అర్ధరాత్రి కరెంటు వచ్చినా మోటారు తనంత తానే లేచేది. చీకట్లో పాముల మధ్య పొలానికి పోయే బాధ తప్పేది. రెండు ఫేజులే ఉన్నప్పుడు కెపాసిటర్ కట్టి మూడో ఫేజు పుట్టించే ఉపాయం కూడా ఊరూరా తెలుసు. అది ట్రాన్స్‌ఫార్మర్లకు చేటు చేసింది నిజమే. కానీ ఫేజు అంటే ఏమిటో, దాన్ని వంచి తిప్పితే ఏమవుతుందో వైండింగ్ షాపుల వారికి అంత లోతుగా తెలియడానికి ఆ ఇబ్బందే కారణం. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ వచ్చింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా ప్రారంభమైంది. దానికి ముందు అదే ఆటో స్టార్టర్లను తీసేయించేందుకు ఊరూరా ప్రచారం నడిచింది.

వైండింగ్ ఒక పాయ అయితే ఎలక్ట్రానిక్స్ ఇంకో పాయ. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ఏర్పడింది. ఆ సంస్థ చేసిన ఈసీ టీవీ తెలుగు ఇళ్లలో పేరున్న సరుకు. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం ప్రసారాలు మొదలుపెట్టాక, ముఖ్యంగా 1982 ఏషియాడ్ తర్వాత, టీవీలు జిల్లా పట్టణాలకు చేరాయి. వాటితో పాటు సోల్డరింగ్ ఐరన్ చేరింది. రేడియో రిపేరు చేసే చిన్న కొట్లు టీవీ, టేప్ రికార్డర్, స్టెబిలైజర్ రిపేరుకు మళ్లాయి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, వైర్‌మన్, ఎలక్ట్రానిక్ మెకానిక్ ట్రేడులు చదివినవారు ఇటు విద్యుత్ బోర్డులోకో, అటు కొట్లలోకో వెళ్లారు. మరికొందరు ఎడారి దేశాల దారి పట్టారు. నిజామాబాద్ జిల్లా నుంచి గల్ఫ్‌కు పోయిన వలస ఈ సీమ బతుకులో పెద్ద అధ్యాయం. అందులో ఎలక్ట్రీషియన్ వీసా మీద పోయినవారు కొద్దిమంది కాదు. భవనాల్లో ప్యానెళ్లు బిగించి, కేబుల్ ట్రేలు పరిచి, తీగకు లగ్గు నొక్కి నంబరు తొడిగే క్రమశిక్షణ అలవాటు చేసుకుని తిరిగొచ్చినవారు ఆ పద్ధతిని ఇంటికి తెచ్చారు. వారు తెచ్చిన సామాన్లలో టేప్ రికార్డర్ గురించి అందరూ చెప్పుకుంటారు. మంచి మల్టీమీటరు, మొన చెడని స్క్రూడ్రైవర్ సెట్టు కూడా చెప్పుకోదగినవే.

ఈ లోపు బయటి ప్రపంచంలో యంత్రానికి అంకెలతో ఆజ్ఞలు ఇచ్చే విద్య పుట్టింది. హెలికాప్టర్ రెక్కల ఆకారాన్ని లెక్కల పట్టికతో కోయాలన్న అమెరికన్ జాన్ పార్సన్స్ ఆలోచనతో పని మొదలై, 1952లో ఎంఐటీ ప్రయోగశాలలో పంచ్ టేపు చదివి కోసే మిల్లింగ్ యంత్రాన్ని చూపించారు. దాని నియంత్రణ వ్యవస్థ వాక్యూమ్ ట్యూబులతో నిండిన బీరువాల వరస. కంప్యూటర్ చిన్నదయ్యాక టేపు పోయి సీఎన్‌సీ అయింది. హైదరాబాద్‌కు ఆ విద్యతో దగ్గరి చుట్టరికం ఉంది. 1943లో పుట్టిన సికింద్రాబాద్ కవాడిగూడలోని ప్రాగా టూల్స్, 1960ల్లో వచ్చిన హెచ్‌ఎంటీ అయిదో యూనిట్ యంత్రాలు చేసే యంత్రాలను తయారు చేశాయి. అయితే అలాంటి సీఎన్‌సీ ఒక రక్షణ కర్మాగారానికో, పెద్ద కంపెనీకో అందే ధరలో ఉండేది. నిజామాబాద్‌లో లేత్ షాపు నడిపేవారికి అది ఎగ్జిబిషన్‌లో చూసే వస్తువే తప్ప కొనే వస్తువు కాదు.

కంప్యూటర్ నియంత్రణను ఈ సీమ మొదట తాకి చూసింది రైస్ మిల్లుల్లో, తూకపు కాటాల్లో. చెరకు బండ్లను తూచే పాత కాటా స్థానంలో లోడ్ సెల్ మీద నడిచే ఎలక్ట్రానిక్ కాటా వచ్చింది. రైస్ మిల్లుల్లో అందరూ సార్టెక్స్ అని పిలిచే రంగు ఏరే యంత్రం దిగింది. బియ్యం సన్నటి గాడుల్లో జారుతుంటే కెమెరా ఒక్కో గింజనూ చూస్తుంది, నల్ల గింజ కనబడగానే గాలి నాళం టప్పుమని ఊది దాన్ని పక్కకు నెడుతుంది. కెమెరా చూడటానికీ గాలి ఊదటానికీ మధ్య గడిచేది కన్ను మూసి తెరిచేంత కూడా కాదు. బోర్డు చెడితే కంపెనీ మనిషి పెద్ద నగరం నుంచి రావాలి. వచ్చేదాకా మిల్లు ఆగుతుంది. ఆ నిరీక్షణలోనే స్థానిక మెకానిక్‌లు బోర్డు మీద ఏది పవర్ భాగం, ఏది సిగ్నల్ భాగం అని పోల్చుకోవడం మొదలుపెట్టారు. పవర్ సప్లైలో ఉబ్బిన కెపాసిటర్ మార్చడం, సోలినాయిడ్ వాల్వు తీగ కలపడం వారి చేతికి వచ్చిన పనులే.

బోధన్ మిల్లును నడిపిన నిజాం షుగర్స్ మాత్రం ఆ కాలాన్ని దాటలేకపోయింది. 2002లో ప్రభుత్వం దాని మెజారిటీ వాటాను ప్రైవేటు చేతికిచ్చింది. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించి శక్కర్‌నగర్, మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ దగ్గరి మంభోజిపల్లి యూనిట్లను మూసేశారు. నిజామాబాద్ దగ్గరి సారంగాపూర్‌లోని సహకార చక్కెర ఫ్యాక్టరీ అంతకుముందే మూతపడింది. కార్మికులకు జీతాలు ఆగాయి, రైతులు చెరకు వదిలి వరికి, సోయాకు మళ్లారు. మిల్లు తెరిపిస్తామన్న మాట ప్రతి ఎన్నికలోనూ వినిపిస్తూ వచ్చింది. పోయింది ఉద్యోగాలే కాదు. ప్రతి వేసవీ పెద్ద యంత్రాలను విప్పి చూసే అవకాశం కొత్త కుర్రాళ్లకు లేకుండా పోయింది. ఇంతమంది చేతులకు పని నేర్పిన చోటు మూతపడటం ఈ సీమకు తీరని నష్టం. రైస్ మిల్లు, లేత్ షాపు, వైండింగ్ షాపు ఆ లోటును కొంతవరకే పూడ్చగలిగాయి.

సరిగ్గా ఆ ఏళ్లలోనే సీఎన్‌సీ ఇంటి మెట్టు ఎక్కింది. కారణాలు మూడు వైపుల నుంచి వచ్చాయి. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ చేసిన నియంత్రణ ప్రోగ్రాం అందరికీ అందుబాటులోకి వచ్చి తర్వాత లినక్స్‌సీఎన్‌సీ అయింది. మాక్3 అనే ప్రోగ్రాం పాత డెస్క్‌టాప్ ప్రింటర్ పోర్టునే మోటార్లను నడిపే దారిగా మార్చింది. 2005లో ఇటలీలో ఆర్డుయినో బోర్డు పుట్టింది; 2009లో నార్వేకు చెందిన సిమెన్ స్వాలే స్కోగ్‌స్రుడ్ ఆ చిన్న బోర్డు మీద నడిచే గ్రబుల్ ప్రోగ్రాం రాసి ఉచితంగా ఇచ్చాడు. చైనా నుంచి స్టెప్పర్ మోటార్లు, డ్రైవర్లు చవగ్గా వచ్చాయి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్, రాణిగంజ్‌లో బేరింగులు, ఇనుప సామాను దొరుకుతాయి. మిగిలింది కొరియర్ తెస్తుంది. టేకు తలుపుల మీద చెక్కడానికి, ఎండీఎఫ్ జాలీలు కోయడానికి జిల్లా పట్టణాల్లో వడ్రంగం షాపులు సీఎన్‌సీ రూటర్లు పెట్టుకోవడం మామూలైపోయింది. కొన్నవి కొన్ని, కట్టుకున్నవి కొన్ని.

ఇంట్లో యంత్రం కట్టడం తెలంగాణకు వింత కాదు. ఆలేరు చేనేత కార్మికుడు చింతకింది మల్లేశం, ఆసు పోసేటప్పుడు తల్లి చేయి రోజూ వేల సార్లు ఆడి నొప్పి పడటం చూసి 1990ల్లో ఏళ్ల తరబడి శ్రమించి 1999లో లక్ష్మీ ఆసు యంత్రం పూర్తి చేశారు; 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2019లో రాష్ట్ర ప్రభుత్వం ‘ఇంటింటా ఇన్నోవేటర్’ పేరుతో ఇలాంటి పనులను పంద్రాగస్టు నాడు జిల్లా కేంద్రాల్లో ప్రదర్శనకు పెట్టడం మొదలుపెట్టింది. 2023లో హైదరాబాద్‌లో యంత్రాల నమూనాలు తయారు చేసుకునే కేంద్రం టీ-వర్క్స్ తెరుచుకుంది.

సీఎన్‌సీ పెట్టె కట్టడం మొదలయ్యేది మోటారు తీగలతో. స్టెప్పర్ మోటారుకు సాధారణంగా నాలుగు తీగలు, అంటే రెండు కాయిళ్లు. ఏవి జంటో తేలడానికి పరికరమే అక్కర్లేదు: రెండు కొసలు ఒకదానికొకటి ముడిపెట్టి ఇరుసును వేళ్లతో తిప్పితే, గట్టిగా పట్టినట్టు తిరిగితే అవి ఒకే కాయిల్‌వి, తేలిగ్గా తిరిగితే కావు. వైండింగ్ చేసిన చేతికి ఇది మరీ సులువు. కానీ ఇక్కడ సీరీస్ బల్బు వాడకూడదు. ఈ సన్నటి కాయిళ్లు 230 వోల్టులకు చుట్టినవి కావు, మల్టీమీటరుతోనే చూడాలి. ఇంకో కొత్త జాగ్రత్త కూడా ఉంది. మామూలు ఒక ఫేజు మోటారు తీగ ఊడితే మోటారు ఆగుతుంది, అంతే. స్టెప్పర్‌కు కరెంటు పారుతుండగా తీగ ఊడితే కాయిల్‌లోంచి ఎగిసే వోల్టేజీకి డ్రైవర్ కాలిపోవచ్చు. అందుకే ఈ కనెక్షన్‌కు మెలిపెట్టి టేపు చుట్టడం చాలదు, లగ్గు నొక్కి స్క్రూ బిగించాలి.

లెక్క కూడా వైండింగ్ లెక్కలాంటిదే. స్టెప్పర్ ఒక చుట్టును 200 అడుగులుగా వేస్తుంది. డ్రైవర్ మీది చిన్న స్విచ్‌లతో ఒక్కో అడుగును 8 ముక్కలు చేస్తే చుట్టుకు 1600 పల్సులు. స్క్రూ ఒక చుట్టుకు 5 మిల్లీమీటర్లు జరిపేదైతే ఒక మిల్లీమీటరుకు 320 పల్సులు. ఈ అంకెను ప్రోగ్రాంలో రాస్తేనే వంద మిల్లీమీటర్లు వంద మిల్లీమీటర్లుగా వస్తుంది. చుట్లు తప్పుగా లెక్కపెట్టిన వైండింగ్ వేడెక్కి తప్పు బయటపెడుతుంది; తప్పుడు పల్సు లెక్క తలుపు మీది పువ్వును సాగదీసి బయటపెడుతుంది.

కోసే మొనను తిప్పే స్పిండిల్ దగ్గర పాత ఫేజుల విద్య తిరిగొస్తుంది. మామూలు రెండు పోళ్ల మోటారు 50 సైకిళ్ల కరెంటు మీద నిమిషానికి 3000 చుట్లకు కాస్త తక్కువగా తిరుగుతుంది. స్పిండిల్ 24,000 తిరగాలంటే 400 సైకిళ్లు కావాలి. ఆ పని వీఎఫ్‌డీ చేస్తుంది: ఇంట్లోని ఒక ఫేజు తీసుకుని, లోపల డీసీగా మార్చి, మళ్లీ కావలసిన సైకిళ్లతో మూడు ఫేజులుగా ఇస్తుంది. రెండు ఫేజుల నుంచి మూడోది పుట్టించిన రైతు ఉపాయం చేయాలనుకున్నదే ఇది శాస్త్రబద్ధంగా చేస్తోంది. దీనికీ ఒక దోషం ఉంది. వీఎఫ్‌డీ కేబుల్ చుట్టూ విపరీతమైన విద్యుత్ రొద చిమ్ముతుంది. ఆ పక్కనే లిమిట్ స్విచ్ తీగ పోతే, యంత్రం అంచు తగలకపోయినా తగిలిందనుకుని పని మధ్యలో నిలిచిపోతుంది. మొదటిసారి కట్టినవారు బోర్డు చెడిందనుకుని మార్చేస్తారు. నిజానికి మార్చాల్సింది తీగల దారి. స్పిండిల్‌కు షీల్డు ఉన్న కేబుల్ వేయాలి, దాన్ని సిగ్నల్ తీగలకు దూరంగా నడపాలి, తప్పకపోతే అడ్డంగా దాటించాలి. లిమిట్ స్విచ్ కేబుల్ షీల్డును ఒక్క కొసనే, పెట్టెలోని ఒకే ఎర్త్ పట్టీకి కలపాలి. ఉప్పు, బొగ్గు పోసి నీళ్లు చల్లిన పొలం ఎర్త్ గుంట ఎంత ముఖ్యమో ఈ పట్టీ అంత ముఖ్యం.

ఆపే తీగ విషయంలో మాత్రం ఏమీ మారలేదు. స్టార్టర్ ఎర్ర బటన్ ఎలా మామూలుగా మూసి ఉండేదో, సీఎన్‌సీ ఎమర్జెన్సీ బటనూ, లిమిట్ స్విచ్‌లూ అలాగే మూసి ఉండేలా కలపాలి. తీగ తెగితే యంత్రం ఆగాలి. బటన్ సిగ్నల్‌ను బోర్డుకు పంపి ఊరుకుంటే సరిపోదు. బోర్డు మొరాయించినా కరెంటు తెగేలా అది కాంటాక్టర్ కాయిల్‌నే పడగొట్టాలి. మిల్లులో సెంట్రిఫ్యూగల్ దగ్గర, పొలంలో స్టార్టర్ దగ్గర నేర్చుకున్నవారికి ఇది చెప్పనక్కర్లేదు. ఎలక్ట్రానిక్స్ మాత్రమే చదివి వచ్చినవారు తరచూ ఇక్కడే తప్పుతారు.

పని పూర్తయిన పెట్టెలో తీగలు పీవీసీ ఛానెల్లో వరసగా పరుచుకుని ఉంటాయి. ఒక పక్క 230 వోల్టులు, ఇంకో పక్క 36 వోల్టుల డీసీ, మూడో పక్క 5 వోల్టుల సిగ్నళ్లు, ఒకదాని దారిలోకి ఒకటి రాకుండా. ప్రతి తీగ రెండు కొసల దగ్గరా ఒకే నంబరున్న చిన్న పసుపు తొడుగు ఉంటుంది. దాన్ని ఫెర్రూల్ అంటారు. ఫ్యాక్టరీ ప్యానెళ్ల నుంచి వచ్చిన అలవాటది. పెట్టె తలుపు లోపలి వైపు అదే నంబర్లతో గీసిన డ్రాయింగ్ అంటిస్తారు. అయిదేళ్ల తర్వాత ఒక డ్రైవర్ పోతే, కట్టిన మనిషి ఊళ్లో లేకపోయినా, నిజామాబాద్ ఎల్లమ్మగుట్టలోనో ఎడపల్లిలోనో ఉన్న ఏ వైండింగ్ మేస్త్రీ అయినా ఆ కాగితం చూసి, 14 నంబరు తీగ పట్టుకుని, అది ఎటు పోతోందో చెప్పగలడు.